అడిగే చేతికీ ధర్మం ఉంది

జుమా ఖుత్బాల్లోనూ, రమజాను ప్రసంగాల్లోనూ దానం చేసేవారి గురించి మనం ఎంతో వింటూ ఉంటాము. దాత సంకల్పం ఎలా ఉండాలి, ధర్మసమ్మతమైన సంపాదన నుండే ఎందుకు ఇవ్వాలి, ఇచ్చి దెప్పిపొడవడం ఎంతటి పాపం అన్న విషయాలు మనకు దాదాపు కంఠతా వచ్చు. అయితే దాతకూ, పేదవానికీ నడుమ మరొక వ్యక్తి ఉన్నాడు. రశీదు పుస్తకం పట్టుకుని గుమ్మం ముందు నిలబడే వ్యక్తి. మదరసా కోసం, అనాథల కోసం, రోగుల కోసం నిధులు సేకరించే వ్యక్తి. అతని ధర్మం ఏమిటి? ఈ విషయం మనం చాలా అరుదుగా మాట్లాడుకుంటాము.

ప్రశ్నను సూటిగానే వేసుకుందాం. పని మంచిదైనప్పుడు దాని కోసం ఎలా అడిగినా సరేనా? నలుగురిలో మొహమాటపెట్టి, రోగి ఫొటో చూపించి, పేరు మైకులో చదువుతామని ఆశపెట్టి రాబట్టిన సొమ్ము కూడా పేదవాని కడుపే నింపుతుంది కదా! ఇక అభ్యంతరం దేనికి?

ఈ ప్రశ్న మాకు మొదట గ్రంథాల్లో ఎదురుకాలేదు. మా నందిగాం, పలాస వీధుల్లో చందాల కోసం తిరుగుతున్నప్పుడు ఎదురైంది.

చీటీ రాయని ఇరవై రూపాయలు

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస సమీపంలో తీరం దాటింది. గాలి వేగం గంటకు 140, 150 కిలోమీటర్లు. ఉద్దానం అంటే కొబ్బరి, జీడిమామిడి, పనస. తాతలు నాటిన చెట్లు, మనుమలు తింటున్న ఫలాలు. తెల్లవారేసరికి ఆ తోటలు నేలమీద పడి ఉన్నాయి. కొబ్బరి మొక్క నాటితే కాపు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. కనుక ఆ రాత్రి పడిపోయింది చెట్లు మాత్రమే కాదు, ఎన్నో కుటుంబాల రాబోయే సంవత్సరాల సంపాదన కూడా.

మా ప్రాంతంలో ముస్లిముల ఇళ్లు కొద్దిగానే ఉంటాయి. అయినా కష్టం వచ్చినప్పుడు కొద్దిమందిమైనా కదలాలని నలుగురు యువకులం కలిసి రశీదు పుస్తకాలు అచ్చువేయించాము. కరెంటు వచ్చి, మూతబడిన జీడిపప్పు కర్మాగారాలు తెరుచుకున్నాక పలాస-కాశీబుగ్గ బజారుకు వెళ్లాము. దుకాణదారులు వెయ్యి, రెండు వేలు ఇచ్చారు. వారికి పెద్ద అక్షరాలతో రశీదు రాశాము, పక్కన నిలబడి ఫొటో కూడా తీయించుకున్నాము.

ఒక కర్మాగారం బయట, పని ముగించుకుని ఇంటికి వెళ్తున్న ఒక నడివయసు స్త్రీ ఆగింది. జీడిపిక్కల నూనెకు ఆమె వేళ్లు నల్లబడి ఉన్నాయి. కొంగు ముడి విప్పి ఇరవై రూపాయలు ఇచ్చింది. మేము తీసుకుని, “సంతోషం అమ్మా” అని ముందుకు కదిలాము. ఆమె వెనుక నుండి పిలిచింది.

“అందరికీ చీటీ రాస్తన్నారు. నాకు నేదా బాబూ?”

“చిన్న మొత్తాలన్నీ కలిపి ఒకేచోట రాస్తామమ్మా” అన్నాము. ఆమె మరేమీ అనలేదు, వెళ్లిపోయింది. ఆ రాత్రి లెక్క చూసుకుంటే పుస్తకం చివర ‘చిల్లర’ అనే పేరు కింద ఒక మొత్తం ఉంది. ఆమె ఇచ్చింది ఆ చిల్లరలో కలిసిపోయింది. తుఫానుకు ఆమె ఇంటి పైకప్పు నిలిచిందో లేదో, అది కూడా మేము అడగలేదు.

తబూక్ నాటి గుప్పెడు ఖర్జూరాలు

ఆ రాత్రి మాకు తబూక్ సంఘటన గుర్తుకు వచ్చింది. హిజ్రీ 9వ సంవత్సరంలో తబూక్ ప్రయాణం కోసం దైవప్రవక్త ముహమ్మద్ (స) నిధుల కోసం పిలుపునిచ్చారు. ఎండలు మండుతున్న కాలం, దూర ప్రయాణం, చేతిలో డబ్బు లేని రోజులు. హజ్రత్ ఉస్మాన్ (రజి) సైన్యానికి కావలసిన సామగ్రిలో చాలా భాగం తానే సమకూర్చారు. మరోవైపు హజ్రత్ అబూ అఖీల్ (రజి) అనే నిరుపేద సహచరుడు నీళ్లు తోడే కూలిపని చేసి, కూలిగా వచ్చిన ఖర్జూరాలలో కొన్ని ఇంటివారికి ఉంచి, మిగిలినవి తెచ్చి ప్రవక్త (స) సన్నిధిలో పెట్టారు.

అప్పుడు కపట విశ్వాసులు ఏమన్నారు? ఎక్కువ ఇచ్చినవారిని చూసి పేరు కోసం ఇచ్చారన్నారు. తక్కువ ఇచ్చినవారిని చూసి, ఈ గుప్పెడు ఖర్జూరాల అవసరం అల్లాహ్‌కు ఏముందని ఎగతాళి చేశారు. తౌబా అధ్యాయం 79వ ఆయతు వారి ఈ పరిహాసాన్ని తీవ్రంగా గర్హించింది.

మేము ఆ స్త్రీని ఎగతాళి చేయలేదు, నిజమే. కానీ మా చేతి కలం ఆ పని చేసింది. వెయ్యి రూపాయల వద్ద ఆగి, ఇరవై రూపాయలను దాటిపోయింది. ఇచ్చినవారి త్యాగాన్ని కాక ఇచ్చిన అంకెను మాత్రమే చూసే కలం ఎవరి చేతిలో ఉన్నా, అది ఆ కపటుల తక్కెడే. రోజు కూలిలోంచి తీసిన ఇరవై, వ్యాపారి గల్లాలోంచి తీసిన రెండు వేల కంటే బరువైనది కావచ్చు. ఆ బరువు తూచేవాడు అల్లాహ్. మన పని కేవలం రాయడం. ఆ చిన్న పని కూడా మేము చేయలేకపోయాము.

ఏది దాచాలి, ఏది తెరవాలి?

నిధుల సేకరణలో రెండు విషయాలు ఉంటాయి. ఒకటి మనుషులు, రెండవది లెక్కలు. ధర్మం ప్రకారం మనుషులకు మరుగు ఉండాలి, లెక్కలకు వెలుగు ఉండాలి. మన దగ్గర ఇది తలకిందులైపోయింది. బియ్యం సంచి అందుకుంటున్న వితంతువు ఫొటో ఊరంతా చూస్తుంది. ఆ బియ్యానికి ఎంత వసూలైంది, ఎంత ఖర్చైంది, ఎంత మిగిలింది అన్నది మాత్రం కమిటీలో ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు. మనుషులను బయటపెట్టి, లెక్కలను దాస్తున్నాము.

బఖరా అధ్యాయం 264వ ఆయతు దెప్పిపొడవడం వల్లా, మనసు నొప్పించడం వల్లా దానాలు వృథా అవుతాయని హెచ్చరిస్తుంది. ఈ హెచ్చరిక దాతకు మాత్రమే అనుకుంటాము. ఆలోచించండి. దాత నిశ్శబ్దంగా ఇచ్చాడు. దాని పేరుతో పేదవాని ముఖాన్ని బజారులో పెట్టింది మధ్యనున్న మనమే. దాత చేయని తప్పుతో దాత పుణ్యానికి మచ్చ తెచ్చిన వారమవుతాము కదా! ఇది అమానతులో ద్రోహం కాదా?

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. “మీరు చెప్పేది బాగానే ఉంది. కాని పేర్లు చదవకపోతే ఎవరూ ఇవ్వరు. ఫొటోలు చూపకపోతే మనసులు కరగవు. మీ సున్నితత్వం వల్ల రోగికి మందులు ఆగిపోతే ఆ పాపం ఎవరిది?” అని కార్యకర్తలు అడుగుతారు. ఇది తేలిగ్గా తీసిపారేసే మాట కాదు. దివ్య ఖుర్ఆన్ కూడా బహిరంగ దానాన్ని నిషేధించలేదు. బఖరా అధ్యాయం 271వ ఆయతు బహిరంగ దానాన్ని మంచిదేనంటూ, రహస్యంగా పేదలకు ఇవ్వడాన్ని మరింత మేలైనదిగా పేర్కొన్నది.

దైవప్రవక్త (స) ఆచరణలోనే దీనికి పరిష్కారం ఉంది. ముజర్ తెగకు చెందిన కొందరు చిరిగిన ఉన్ని వస్త్రాలతో, కాళ్లకు చెప్పులు లేకుండా మదీనా వచ్చారు. వారి స్థితి చూసి ప్రవక్త (స) ముఖం వివర్ణమైంది. నమాజు తర్వాత ఆయన ప్రజలకు ప్రబోధించి, సగం ఖర్జూరపు ముక్కయినా సరే ఇమ్మన్నారు. అన్సార్‌లలో ఒకరు మోయలేనంత బరువైన సంచి తెచ్చారు. ఆయనను చూసి ఒకరి తర్వాత ఒకరు కదిలారు. ఆహారం, వస్త్రాలు రెండు కుప్పలయ్యాయి. ప్రవక్త (స) ముఖం సంతోషంతో వెలిగిపోయింది. సహీహ్ ముస్లింలోని ఈ హదీసును జాగ్రత్తగా గమనించండి. పిలుపు అందరికీ. ఫలానావాడా, నీవు ఎంత ఇస్తావు అని నలుగురిలో నిలదీయడం లేదు. అడుగు ముందుకు వేసింది దాత స్వయంగా. ఆయన దానం ఇతరులకు మార్గం చూపింది.

దాత తనంతట తాను ముందుకు వచ్చి ఇవ్వడం ఆదర్శం. అతని పేరు కోరికను రెచ్చగొట్టి మనం ఇప్పించడం వ్యాపారం. చూడటానికి రెండూ ఒకలాగే ఉంటాయి. కాని మొదటి దానిలో దాత ఎదుగుతాడు, రెండవ దానిలో అతని ‘రియా’ ఎదుగుతుంది. రోగికి మందు కొనడానికి దాత హృదయానికి రోగం అంటించే హక్కు మనకు ఎవరిచ్చారు?

మూడు రూపాయలతో మొదలైన సంస్థ

‘ఇలా అయితే సంస్థలు నడవవు’ అనేవారు మన చరిత్రలోనే ఒక పేజీ తిరగేయాలి. 1866 మే నెలలో దేవ్‌బంద్‌లో దారుల్ ఉలూమ్ ప్రారంభమైంది. 1857 విషాదం తర్వాత నవాబుల ఆదరణ, జాగీర్లు అంతరించిన కాలం అది. దాని చందా ఎలా మొదలైందో ఆ సంస్థ చరిత్రకారులు చెబుతారు. హాజీ ఆబిద్ హుసైన్ (రహ్మ) ముందుగా తన సొంత మూడు రూపాయలు రుమాలులో వేసి, ఆ తర్వాతే ఇతరుల ఇళ్లకు వెళ్లారు. అడిగేవాడు తాను మొదట ఇవ్వాలన్నది అక్కడి మొదటి పాఠం.

మౌలానా ముహమ్మద్ ఖాసిం నానౌతవీ (రహ్మ) ఆ మదరసా కోసం ఎనిమిది సూత్రాలు రాశారు. వాటిలో మొదటిదే చందాలు పెంచే విషయంలో కార్యకర్తలు నిరంతరం శ్రద్ధ చూపాలన్నది. దైవంపై నమ్మకం ఉంచి ఊరికే కూర్చోమని ఆయన చెప్పలేదు. అయితే స్థిరమైన ఆస్తిపైనో, ఒక ధనవంతుని వాగ్దానంపైనో ఆధారపడితే అల్లాహ్ వైపు మొగ్గే దీనత పోయి, కలహాలు పుడతాయని హెచ్చరించారు. ప్రభుత్వ భాగస్వామ్యం, ధనవంతుల భాగస్వామ్యం హానికరమన్నారు. పేరు ప్రఖ్యాతులు ఆశించని వారి చందాలలోనే ఎక్కువ శుభం ఉందని చివరి సూత్రంలో అన్నారు.

ఆ సంస్థ వార్షిక నివేదికలలో చిన్న చిన్న దాతల పేర్లు, వారిచ్చిన మొత్తాలు, నగదు కాక ఇచ్చిన వస్తువులు కూడా అచ్చయ్యేవి. మరి ఇది పేరు ప్రకటించడం కాదా అని మీరు అడగవచ్చు. కాదు. మైకులో చదివే పేరు పక్కవాడిని సిగ్గుపరచడానికి. నివేదికలో అచ్చయిన పేరు సంస్థ తనను తాను లెక్కకు నిలబెట్టుకోవడానికి. నా రూపాయి ఇందులో ఉందా అని పేదవాడు కూడా వేలు పెట్టి చూసుకోగలగాలి. పేరు వద్దన్నవారికి ‘ఒక దైవదాసుడు’ అని రాసి, రశీదు నంబరు వేస్తే సరిపోతుంది.

వసూలు చేసేవారి వేతనం

మరో సున్నితమైన విషయం. తౌబా అధ్యాయం 60వ ఆయతు జకాత్‌కు ఎనిమిది వర్గాలను పేర్కొంటూ, దానిని వసూలు చేసే ఉద్యోగులను కూడా ఒక వర్గంగా చేర్చింది. కనుక శ్రమించేవారికి వేతనం ఇవ్వడం తప్పు కాదు. వారిని ఆకలితో పంపడమే తప్పు, ఎందుకంటే ఆకలిగా ఉన్న చేతికి పరీక్ష ఎక్కువ. అయితే వసూలైన దానిలో ఇంత శాతం అనే కమీషన్ పద్ధతిని మన ఉలమాలలో అధికులు సమ్మతించలేదు. ఆ వేతనం ఎంతో ముందుగా తెలియదు, పైగా వసూలుదారు కన్ను పేదవానిపై కాక తన వాటాపై పడుతుంది. విశేషమేమంటే అమెరికా కేంద్రంగా ఉన్న ‘అసోసియేషన్ ఆఫ్ ఫండ్‌రైజింగ్ ప్రొఫెషనల్స్’ అనే వృత్తి సంఘం నియమావళి కూడా శాతం లెక్కన ప్రతిఫలాన్ని నిషేధిస్తుంది. వేర్వేరు దారుల్లో నడిచినవారు ఒకే మలుపు దగ్గర జాగ్రత్త పడ్డారు.

ఇబ్నుల్ లుత్బియ్యా అనే వ్యక్తిని ప్రవక్త (స) జకాత్ వసూలుకు పంపారు. ఆయన తిరిగి వచ్చి, ఇది మీది, ఇది నాకు బహుమతిగా వచ్చింది అన్నారు. ప్రవక్త (స) ఆగ్రహించి, తల్లిదండ్రుల ఇంట కూర్చుని ఉంటే ఈ బహుమతి వచ్చి ఉండేదా అని మింబరుపై నుండి ప్రశ్నించారు. సంస్థ పేరుతో వెళ్లిన మనకు దొరికే విందులు, శాలువాలు, ప్రయాణ ఖర్చులు, అన్నిటికీ ఈ ప్రశ్న వర్తిస్తుంది.

కన్నీటికి కాదు, అవసరానికి అడగాలి

తిత్లీ తర్వాత కొన్ని వారాలు ఉద్దానానికి లారీల కొద్దీ సామగ్రి వచ్చింది. ఇచ్చిన ప్రతి ఒక్కరికీ అల్లాహ్ ప్రతిఫలం ఇచ్చుగాక! కాని ఇదే ఉద్దానంలో గాలి చప్పుడు లేకుండా దశాబ్దాలుగా వీస్తున్న మరో తుఫాను ఉంది. అది కిడ్నీ వ్యాధి. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతాల్లో ఎన్నో ఇళ్లను అది తాకింది. దానికి కారణం ఇదమిత్థమని నేటికీ తేలలేదు. 2019లో ప్రభుత్వం డయాలసిస్ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను ప్రకటించింది. 2023 డిసెంబరు 14న పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆస్పత్రి ప్రారంభమయ్యాయి. ఇవి పెద్ద మేళ్లు. అయినా వారానికి రెండు మూడు సార్లు, ప్రతిసారీ దాదాపు నాలుగు గంటలు యంత్రం పక్కన పడుకోవలసిన మనిషి ఇంట్లో ఇంకా ఎన్నో అవసరాలు మిగిలే ఉంటాయి. ఆటో కిరాయి, తోడు వచ్చేవారి కూలి నష్టం, పిల్లల ఫీజు. దీనికి లారీలు రావు. ఎందుకంటే ఇది ఒక్కరోజు వార్త కాదు.

కన్నీరు చూపి అడిగితే కన్నీరు ఆరగానే చందా ఆగిపోతుంది. అవసరాన్ని లెక్కగట్టి అడిగితే అవసరం ఉన్నంతకాలం సాగుతుంది. 1951 ఏప్రిల్ 18న నల్గొండ జిల్లా పోచంపల్లిలో ఏం జరిగిందో మన రాష్ట్రాల వారికి తెలుసు. 40 దళిత కుటుంబాలు తమకు 80 ఎకరాలు కావాలని వినోబా భావేకు చెప్పాయి. ఆయన ఆ అంకెనే ఊరి ముందు పెట్టారు. వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇచ్చారు. ఎంతమందికి, ఎంత, దేనికోసం అన్నది స్పష్టంగా ఉంది కనుకనే ఇచ్చేవాడికి దారి కనిపించింది. అదే ఉద్యమంలో తర్వాత దేశమంతటా లక్షల ఎకరాలు వచ్చాయి. కాని వాటిలో పెద్ద భాగం పేదలకు చేరలేదు. కొంత సాగుకు పనికిరానిది, కొంత వివాదాల్లో చిక్కుకున్నది. ఇవ్వడం జరిగింది, అప్పగించడం జరగలేదు. సేకరణ అనేది రశీదు చింపడంతో ముగియదు, హక్కుదారుని చేతిలో పెట్టడంతోనే ముగుస్తుంది.

మన మండలం స్థాయిలో లెక్క వేసి చూద్దాం. ఒక రోగి ప్రయాణానికి, తోడు మనిషికి కలిపి ఒకసారికి 200 రూపాయలు అనుకుందాం. నెలకు తొమ్మిది ప్రయాణాలైతే 1,800. ఐదుగురు రోగులకు 9,000. అంటే నెలకు 100 రూపాయలు ఇచ్చే 90 మంది చాలు. ఒక్క శ్రీమంతుని గుమ్మంలో పడిగాపులు పడనవసరం లేదు. తొంభై మందిలో ఒకరు మానేస్తే నిధి కూలిపోదు. ఆ ఒక్కరూ మానుకుంటే మాత్రం కూలిపోతుంది.

డబ్బు లేనివారిని కూడా అడగాలి, కానీ వేరే దాన్ని. కహఫ్ అధ్యాయంలో జుల్ ఖర్నైన్ వృత్తాంతం ఉంది. అడ్డుగోడ కట్టమని ప్రజలు సొమ్ము ఇవ్వజూపితే, ఆయన సొమ్ము వద్దని వారి శారీరక శ్రమను కోరారు. తిత్లీ తర్వాత పడిపోయిన చెట్లను కోసి దారులు తెరిచినవారు, నేడు రోగిని బండిపై ఆస్పత్రికి దింపి వచ్చేవారు, వీరందరి పేర్లూ దాతల పుస్తకంలో ఉండవలసినవే.

ఒక ముఖ్యమైన హెచ్చరిక. జకాత్ సొమ్మునూ, సాధారణ సదఖానూ ఒకే సంచిలో వేయకూడదు. జకాత్‌కు హక్కుదారులు నిర్ణీతమై ఉన్నారు. హనఫీ ఉలమాల ప్రకారం అది అర్హుడైన పేద ముస్లిం సొంతం కావాలి, భవనాలకూ సిబ్బంది జీతాలకూ వాడరాదు. ఉద్దానం రోగుల్లో అధికులు ముస్లిమేతర సోదరులు. వారికి సాధారణ సదఖా నిధి నుండి నిస్సంకోచంగా, మనస్ఫూర్తిగా సహాయం చేయవచ్చు, చేయాలి కూడా. కనుక రెండు పుస్తకాలు, రెండు ఖాతాలు ఉండాలి. దాత ఏ ఉద్దేశంతో ఇచ్చాడో ఆ ఉద్దేశాన్ని మార్చే అధికారం మనకు లేదు.

తక్కువ వస్తే?

ఇలా అడిగితే తక్కువ వస్తుందేమో. రావచ్చు. తొంభై మందికి అరవై మందే ఇచ్చిన నెలలో, ఐదుగురిలో ఇద్దరికి ఈసారి లేదని చెప్పవలసి రావచ్చు. ఆ మాట చెప్పడం ఎంత కష్టమో మాకు తెలుసు. అప్పుడు చేయవలసింది ఆ అరవై మందిని పిండడం కాదు. యమన్‌కు హజ్రత్ ముఆజ్ (రజి)ను పంపుతూ, ప్రజల ఆస్తిలో మేలైన వాటిని ఏరి తీసుకోవద్దని ప్రవక్త (స) హెచ్చరించారు. కనుక మరో ముప్ఫై గుమ్మాలకు నడవాలి. అంతకు ముందు మన జేబులోంచి మూడు రూపాయలు తీసి రుమాలులో వేయాలి. నెల చివర వచ్చింది ఎంత, వెళ్లింది ఎంత, తగ్గింది ఎంత అని ఒక కాగితంపై రాసి మసీదు గోడకు అంటించాలి. రోగుల పేర్లు వద్దు, సంఖ్య చాలు. తగ్గిందని దాచుకోని సంస్థను ప్రజలు నమ్ముతారు. ఆ నమ్మకమే అసలు నిధి.

ఆ జీడిపిక్కల స్త్రీ కోసం మేము తర్వాత రెండుసార్లు ఆ కర్మాగారం దగ్గరకు వెళ్లాము. పేరు తెలియదు కనుక ఎవరిని అడగాలో తెలియలేదు. ఆమెకు ఇవ్వవలసిన చీటీ బాకీ ఇంకా మాపై ఉంది. ప్రళయదినాన ఆమె అదే ప్రశ్న అడిగితే మా వద్ద జవాబు లేదు. అందుకే ఆనాటి నుండి మా పుస్తకంలో ‘చిల్లర’ అనే పద్దు తీసివేశాము. పది రూపాయలకైనా చీటీ రాస్తాము. చీటీ వద్దన్నా రాసి, ఆకు పుస్తకంలోనే ఉంచుతాము.

అల్లాహ్ మన అడిగే చేతులను నిజాయితీతో, ఇచ్చే చేతులను చిత్తశుద్ధితో, అందుకునే చేతులను గౌరవంతో నింపుగాక! ఆమీన్.